ముందే టైపు చేసి ఉంచిన వాక్యం

మా ఆఫీసులో ప్రమాదం రిపోర్టులకు ఆఖరి వాక్యమే అన్నిటికన్నా ముందు తయారయ్యేది. పని తక్కువగా ఉన్న పూట మా టైపిస్టు పాతిక ముప్ఫై కాగితాల అడుగున ఆ వాక్యం కొట్టేసి సొరుగులో పెట్టేవాడు. అది ఇంగ్లీషులో ఉండేది. తెలుగులో చెప్పుకుంటే, "ఈ ప్రమాదం వాహనంలోని ఏ యాంత్రిక లోపం వల్లా జరిగినది కాదు" అని. బండి నంబరు, స్టేషను పేరు, పగిలిన అద్దాలు, పడిన సొట్టలు మేము తీరిగ్గా పైన నింపుకునేవాళ్లం.

మొన్నామధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఒకమ్మాయి, ఒకబ్బాయి, నన్ను చూడటానికి ఇంటికొచ్చారు. మాటల్లో ఈ సంగతి చెబితే అబ్బాయి పడీ పడీ నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. "ఆ వాక్యం మీరు ఎప్పుడైనా మార్చి రాశారా అండీ?" అని అడిగింది. ఏదో చెప్పి మాట తప్పించాను. అమ్మా, నీకు ఆ రోజు చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

నేను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్ల పైన చేశాను. మా పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఏడాదికోసారి లారీ మా ముందుకొస్తే చూసి, ఇది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఎఫ్.సి. కాగితం ఇవ్వాలి. అదే లారీ రేపు ఎవరినైనా గుద్దితే వెళ్లి చూసి, తప్పు బండిదా మనిషిదా అని రిపోర్టు రాయాలి. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతిలో ఉండటంలో తిరకాసు ఏమిటో అప్పట్లో ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్లు పైకి అనలేదు.

ఎనభైల చివర నన్ను హైదరాబాదు వేశారు. మాది గుంటూరు వైపు. అప్పటికి జూబ్లీహిల్స్‌లో బంగళాల కన్నా బండరాళ్లే ఎక్కువ. ఫిలింనగర్‌లో ఒక్కో ప్లాటు రాయి పగలగొట్టి చదును చేసుకుంటున్నారు. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. వాళ్ల వెనకాలే లైట్లు, పట్టాలు, సెట్టు చెక్కలు మోసే లారీలూ పెరిగాయి.

వాటిలో తొమ్మిది లారీలు ఒకే కంపెనీవి. ఎఫ్.సి.కి వచ్చేముందు, సెట్లకు రంగులేసే పెయింటర్ల చేత వాటికి రంగు వేయించేవాళ్లు. కొయ్యను పాలరాయిగా చూపించే చేతులవి, తుప్పు రేకును కొత్త బండిగా చూపించడం వాళ్లకొక లెక్కా? గేటులోకి వస్తుంటే కళ్లు చెదిరేవి. మా సీనియర్ ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలోంచి కదలకుండానే "హీరోలొచ్చారు, లేవండయ్యా" అనేవారు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. ఎవరికీ చెడు తలపెట్టేవారు కాదు, దేనికీ అడ్డూ పడేవారు కాదు.

ఒకరోజు పొద్దున ఆ తొమ్మిదింటిలో ఒక లారీ నా వంతుకు వచ్చింది. అప్పటికే బళ్ల వరస గేటు దాటి రోడ్డెక్కింది. లైట్లు చూశాను, హారను విన్నాను, టైర్లు తట్టాను. మిగిలింది హ్యాండ్ బ్రేకు. మా యార్డు అరచెయ్యిలా చదునుగా ఉండేది, అక్కడ ఏ బ్రేకు లేని బండైనా బుద్ధిగా నిలబడుతుంది. అందుకని లీవరు లాగి, మొదటి గేరులో బండిని కదలమనాలి. ఇంజను గింజుకుని ఆగిపోతే బ్రేకు మంచిదన్నమాట. అర నిమిషం పని.

డ్రైవరు నలభై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. కేబిన్‌లో అతని కాళ్ల దగ్గర చిన్న గుమ్మడికాయంత రాయి కనబడింది.

"ఆ రాయెందుకయ్యా?" అన్నాను.

"ఎత్తుల మీద ఆపినప్పుడు ఎనక టైరుకు పెడ్త సార్. గిట్ల అలవాటైపోయింది," అన్నాడు.

"హ్యాండ్ బ్రేకు బానే పడుతోంది కదా?"

అతను నన్ను చూశాడు. తర్వాత నా పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ కంపెనీ మేనేజరును చూశాడు.

"పడ్తది సార్," అన్నాడు.

నేను టిక్కు పెట్టి సంతకం చేశాను. హ్యాండ్ బ్రేకు మంచిదైతే అంత రాయిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఎవడు తిరుగుతాడు? ఈ ప్రశ్న అప్పుడు నాకు రాకపోలేదు. వచ్చింది, పోయింది. వెనక ఇంకో బండివాడు హారను కొడుతున్నాడు.

నాలుగు నెలలకు ఆ లారీయే మనిషిని చంపింది.

ఫిలింనగర్ ఎత్తు మీద షూటింగు జరుగుతోంది. భోజనాల వేళకు ఆ రాయి డ్రైవరే లైట్ల లోడుతో వచ్చాడు. ఎక్కడ దించాలో తెలియదు. బండికి సెల్ఫ్ సరిగా పట్టదు, ఆపితే మళ్లీ నలుగురు తోయాలి. అందుకని ఇంజను ఆపకుండా, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక టైరుకు తన రాయి పెట్టి, అడగడానికి దిగి వెళ్లాడు. ఈలోగా యూనిట్‌లో ఎవరో, భోజనాల బల్లలు వేసుకోవడానికి దారి చేస్తూ, ఆ రాయిని పక్కకు తన్నేశారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. లారీ వెనక్కి కదిలింది. కింద మలుపులో ఒక బంగళాకు పునాది తీస్తున్నారు. పాలమూరు వైపు నుంచి రాళ్ల పనికి వచ్చిన ఒకావిడ కంకర కుప్ప నీడన కూర్చుని అన్నం గిన్నె మూత తీస్తోంది. ఆమె వీపు రోడ్డు వైపుంది.

మూడో రోజున నేను లారీని ఉంచిన పోలీసు స్టేషనుకు వెళ్లాను. ప్రమాదం జరిగిన మర్నాడే వెళ్లాల్సింది. ఆ రెండు రోజులూ నాకు వేరే పనులున్నాయి. ఏం పనులో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

స్టేషను వరండాలో చనిపోయినావిడ భర్త గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పెద్దసారు అనుకున్నట్టున్నాడు, లేచి దగ్గరికొచ్చాడు.

"లారీ ఎవలది సారూ?" అని అడిగాడు.

నేను నోరు విప్పేలోపే కానిస్టేబుల్ అందుకున్నాడు. "డ్రైవర్ లోపలున్నడు. ఫికర్ చెయ్యకు."

"డ్రైవర్‌ను అడుగుతలేను. లారీ ఎవలది?"

లారీ ఎవరిదో ఆ మనిషి పదడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి బట్టలు, మెత్తటి మాట. నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు.

"రండి రండి. మీరు నాలుగు నెలల కిందట చూసిన బండేనండి. ఎఫ్.సి. మీ చేతి మీదుగానే అయింది. మీలాంటివారు చూసి ఇచ్చారన్న ధైర్యంతోనే కదండీ మేం రోడ్డు మీదికి వదిలేది," అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

లారీ ఎక్కి హ్యాండ్ బ్రేకు లాగాను. బిర్రుగా పట్టింది. మొదటి గేరులో కదిలిస్తే ఇంజను గింజుకుని ఆగిపోయింది. నాలుగు నెలల కిందట చెయ్యాల్సిన అర నిమిషం పని ఆ రోజు చక్కగా చేశాను. తర్వాత కిందికి దూరాను. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి జిడ్డు మధ్య, లీవరును కడ్డీకి కలిపే చోట ఒక పిన్ను తెల్లగా మెరుస్తోంది. చుట్టూ పసుపు రంగు కొత్త గ్రీజు. కడ్డీ రంధ్రం పక్కన ఇనుము మీద తీగ ఒరుసుకున్న గీతలు. అంటే పాత పిన్ను ఎప్పుడో విరిగిపోయింది. దాని బదులు ఎవరో తీగ చుట్టి నడిపిస్తున్నారు. చదును మీద తీగ ఆపుతుంది, లోడుతో ఎత్తు మీద ఆపదు. ఈ రెండు రోజుల్లో కంపెనీ మెకానిక్ వచ్చి తీగ తీసి పిన్ను వేసి వెళ్లాడు. స్టేషను ఆవరణలోనే.

లారీ కింద అలాగే వెల్లకిలా పడుకుని ఉండిపోయాను. బయట యజమాని చెప్పులు కనబడుతున్నాయి. పిన్ను కొత్తదని రాస్తే, పాత పిన్ను ఎప్పుడు విరిగిందని అడుగుతారు. మరి ఎఫ్.సి. ఇచ్చినప్పుడు నువ్వేం చూశావని అడుగుతారు. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు, నాకు ప్రమోషను లిస్టులో పేరుంది. ఇవన్నీ సాకులే. అసలు సంగతి ఒక్కటే, భయపడ్డాను.

ఆఫీసుకు రాగానే సీనియరుగారి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"నువ్వు చూసినప్పుడు బ్రేకు పనిచేసిందా లేదా?"

"చేసిందండీ."

"అదే రాయి. నిన్నగాక మొన్న ఎలా ఉందో నువ్వేమన్నా చూశావా? మనం చూసింది మనం రాస్తాం."

టైపిస్టు సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "ఆఖరి లైను ఉంది సార్, పైన చెప్పండి," అన్నాడు. నేను చెప్పాను, అతను కొట్టాడు. హ్యాండ్ బ్రేకు సక్రమంగా పనిచేస్తున్నది. సంతకం పెట్టాను. ఆ సంతకం కూడా నాలుగు నెలల కిందటి సంతకం లాగే వంకర లేకుండా వచ్చింది.

కేసు విచారణకు రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదీ నాలో నేను ఒక ఒప్పందం చేసుకున్నాను. కోర్టులో ఎవరైనా 'పిన్ను పాతదా కొత్తదా' అని అడిగితే దాచకుండా చెప్పేస్తాను. నా అంతట నేను చెప్పను, అడిగితే మాత్రం అబద్ధమాడను. ఇలాంటి ఒప్పందాలు చేసుకునే మనిషికి మనసులో ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలియదు. నేను చాలా నిజాయితీపరుణ్ణని నాకే అనిపించేది.

కోర్టు హాల్లో డ్రైవరు నన్ను చూసి మొహం విప్పార్చాడు. లారీ కిందికి దూరి చూసింది నేనొక్కణ్ణే కదా. నేను చెబుతానని అతనికి నమ్మకం. ప్రభుత్వం తరఫు న్యాయవాది మూడే ప్రశ్నలు అడిగాడు. బండిని మీరు పరీక్షించారా, హ్యాండ్ బ్రేకు పనిచేసిందా, ఈ రిపోర్టు మీదేనా. మూడింటికీ అవునన్నాను. ఇక డ్రైవరు వకీలు లేవాలి. ఆ వకీలును పెట్టింది కంపెనీయే. ఆయన సగం లేచి, "అడిగేదేమీ లేదు," అని కూర్చుని ఫైలుకు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

నేను బోనులోంచి దిగలేదు. ఆ తాడు ముడి పడేదాకా ఆయన చేతుల వంకే చూస్తూ నిలబడ్డాను. మేజిస్ట్రేటు "మీరు వెళ్లొచ్చు" అన్నారు. దిగి వచ్చాను.

తర్వాత డ్రైవరును అడిగినప్పుడు అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. పిన్ను విరిగిందని కంపెనీలో మూడుసార్లు చెప్పాననీ, 'తీగ కట్టి నడుపు' అన్నారనీ, భయంతో రాయి పెట్టుకునేవాణ్ణనీ. మేజిస్ట్రేటు నా రిపోర్టు తిరగేసి చూశారు.

"బ్రేకు బాగానే ఉందని ఇన్‌స్పెక్టరు రాశారు. బ్రేకు బాగున్నవాడివి రాయెందుకు పెడతావు? హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా దిగి, ఇప్పుడు కథలు చెబుతున్నావా?"

డ్రైవరు నా వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోయానని చెబితే నా అంత అబద్ధాలకోరు ఉండడు. అతనికి ఏడాదిన్నర శిక్ష వేశారు, లైసెన్సు పోయింది. యజమాని పేరు ఆ కేసులో సాక్షిగా కూడా రాలేదు.

దీని తర్వాత నేను మారాను. మారానని మా ఆఫీసంతా అనుకుంది. యార్డులో హ్యాండ్ బ్రేకు చూడటం మానేశాను. సినిమా లారీ ఏది వచ్చినా సగం లోడు వేయించి, ఫిలింనగర్ ఎత్తు మీదికి, ఆ మలుపు పైకే తీసుకుపోయేవాణ్ణి. లీవరు లాగించి, డ్రైవరును దించి, నేను బండి వెనక నిలబడేవాణ్ణి. "నీకేమన్నా పిచ్చా? మీద పడితే ఏం చేస్తావు?" అని సీనియరుగారు తిట్టారు. నాకు కొండ ఇన్‌స్పెక్టరని పేరు పెట్టారు.

ఆ కంపెనీ లారీలు తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా అక్కడికి ఎక్కించాను. ఏడు జారాయి. ఏడింటికీ ఎఫ్.సి. రద్దు చేశాను. ఒక దానికైతే పిన్నూ లేదు, తీగా లేదు, చీర చెంగు పేలిక కట్టి ఉంది. డ్రైవర్లను పక్కన నిలబెట్టి, కంపెనీకి చెప్పారా అంటే అందరూ చెప్పామన్నారు. ఆ మాటలన్నీ వాంగ్మూలాలుగా రాయించి, వేలిముద్రలు పెట్టించి పైకి పంపాను. యజమాని పేరు మీద నోటీసు వెళ్లింది. యజమాని మా ఆఫీసు బల్ల ముందు నిలబడి జవాబు చెప్పుకోవడం నేను కళ్లారా చూశాను. పర్మిట్లు పోయాయి. ఆరు నెలల్లో ఆ కంపెనీ బోర్డు ఎత్తేసింది. నాకు పెద్దాఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక్క పని చెయ్యలేదు. ఆ ఏడు లారీల ఫైల్లో ఎనిమిదోదిగా మనిషిని చంపిన ఆ లారీ సంగతి, ఆ కొత్త పిన్ను సంగతి రాయలేదు. రాస్తే డ్రైవరు అప్పీలుకు పనికొచ్చేది. అప్పటికింకా అతను జైల్లోనే ఉన్నాడు.

విడుదలయ్యాడని తెలిశాక రహమత్‌నగర్ వెళ్లాను. ఎందుకు వెళ్లానో దాచుకోను. కంపెనీని మూయించింది నేనేనని అతనికి చెప్పాలని, అతను రెండు చేతులూ జోడించాలని. ఒక సెలవురోజు పొద్దున ఇల్లు వెతుక్కుంటూ సందులన్నీ తిరిగి చేరాను. ఒకటే గది, ముందు రేకుల వసారా. అతను నన్ను వెంటనే గుర్తుపట్టాడు. ఉన్న ఒక్క కుర్చీ దులిపి వేశాడు, తను గడప మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు, జుట్టు తెల్లబడింది.

"సారొచ్చిన్రు, చాయ్ పెట్టు," అని భార్యకు కేకేశాడు. ఆమె వసారా మూలన స్టవ్వు వెలిగించింది.

నేను చెప్పాను. ఏడు లారీలు, నోటీసు, పర్మిట్లు, బోర్డు ఎత్తేయడం, అన్నీ. అతను తల ఊపుతూ విన్నాడు.

"విన్న సార్. లోపల ఉన్నప్పుడే మావోళ్లు చెప్పిన్రు. మంచి పని చేసిన్రు. ఎంతమంది పానాలు దక్కినయో," అన్నాడు.

ఆ మాట కోసమే వచ్చానుగా. కడుపు నిండిపోయింది. అతను తన అరచేతులు చూసుకున్నాడు.

"సార్, ఒక్కటి అడుగుత. తప్పుగ అనుకోకుండ్రి."

"అడుగు."

"మీరు మొదలు నన్ను అడిగిన్రు, పడ్తది అన్న. మేనేజర్ ముంగట ఉండె, కొలువు పోతదని భయమైంది. గది నా తప్పు, ఒప్పుకుంట. కానీ ఆ దినం నేను తీగ కట్టిన సార్. లీవర్ గుంజిన, రాయి పెట్టిన. నాకు మంచిగ యాదికున్నది. మీ కాయితంలనేమో బ్రేక్ మంచిగున్నదని ఉండె. జైల్ల పండుకుంటే గదే ఆలోచన. తీగ యాడికి పాయె? నేను నిజంగ కట్టిన్నా, లేకుంటే నాకు నేనే కట్టినట్టు అనుకుంటున్ననా? రాను రాను, నేను లీవరే గుంజలేదేమో అనిపిచ్చింది. నా చేతుల్తోనే ఆమెను చంపిన అనుకున్న. నా పెండ్లాంకు గూడ అట్లనే చెప్పిన. ఇప్పటికీ ఆ సచ్చిపోయినామె మొగుని కాడికి పోయి కాళ్లు మొక్కాల్నని ఉన్నది."

అతని భార్య టీపొడి డబ్బా చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

"మీరు కిందికి దూరి చూసినప్పుడు తీగ ఉండెనా, పిన్ను ఉండెనా సార్?"

నన్ను ఇన్నాళ్లకు ఒక మనిషి అడిగాడు. కోర్టులో వకీలు నోటి వెంట ఏ ప్రశ్న వస్తుందని తాడు ముడి వంక చూస్తూ నిలబడ్డానో ఆ ప్రశ్న, గడప మీద కూర్చున్న మనిషి నుంచి వచ్చింది.

"పిన్ను," అన్నాను.

"పాతదా, కొత్తదా?"

"కొత్తది. కడ్డీ మీద తీగ గీతలు కూడా ఉన్నాయి."

అతను కళ్లు మూసుకున్నాడు. "కట్టిన," అన్నాడు, నాతో కాదు. "కట్టిన్నే," అని భార్య వైపు తిరిగి అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది, కానీ వాళ్ల ముందు ఏడ్చే హక్కు నాకెక్కడిది?

కొంతసేపటికి అతను మొహం తుడుచుకుని నా వైపు చూశాడు. కోర్టులో చూసిన చూపు కాదిది. అప్పుడు నా నుంచి ఏదో కోరిన కళ్లు, ఇప్పుడు ఏమీ కోరడం లేదు.

"అప్పుడే ఎర్కయిందా సార్ మీకు? గా లారీ కింద ఉన్నప్పుడే?"

"అప్పుడే తెలిసింది," అన్నాను.

స్టవ్వు మీద చాయ్ పొంగుకొచ్చింది. అతను నన్ను తిడితే బాగుండేది.

"చాయ్ దించు," అన్నాడు భార్యతో. గొంతు పెంచలేదు. "సార్ పోతుండ్రు."

ఆమె స్టవ్వు ఆర్పి గిన్నె దించింది. నేనింకా అతని కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.